ఎడారి బాటలో తొలి మజిలీలు

పాఠ్యభాగ ఉద్దేశం

సుదీర్ఘమైన కాలినడక యాత్రలో మొదటి కొద్ది రోజులకు ఉండే ప్రాధాన్యాన్ని, ఎడారి ప్రకృతి ధర్మాలను, వాటికి అనుగుణంగా నడుచుకోవలసిన తీరును విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ప్రయాణంలో మొదటి అడుగు తేలిక, చివరి మజిలీ కష్టం అని సామాన్యంగా అనుకుంటారు. బయలుదేరేనాడు ఒంట్లో బలమూ మనసులో ఉత్సాహమూ నిండుగా ఉంటాయి కనుక ఆ అభిప్రాయం సహజమే. కాని ఎడారి దారిలో నెలల తరబడి నడవదలచిన వారి విషయంలో ఇది తారుమారవుతుంది. శరీరం ఎండకు అలవాటు పడక ముందే, పాదాలు గట్టిపడక ముందే, తమకు ఎంత నీరు కావాలో తమకే తెలియక ముందే ఎడారి వారికి ఎదురవుతుంది. అందుచేత ఉత్సాహం ఎక్కువగా ఉండే తొలి రోజులే ప్రమాదం ఎక్కువగా ఉండే రోజులు కూడా అవుతాయి. అమెరికా సంయుక్త రాష్ట్రాల పడమటి భాగంలో ఉన్న ‘పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్’ అనే కాలిబాట ఇందుకు చక్కని ఉదాహరణ.

ఈ బాట మెక్సికో సరిహద్దు వద్ద మొదలై కాలిఫోర్నియా, ఆరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల పర్వతశ్రేణుల మీదుగా కెనడా సరిహద్దు వరకు సాగుతుంది. దీని పొడవు సుమారు 4,265 కిలోమీటర్లు. ఇటువంటి బాట ఒకటి ఉండాలని 1932లో క్లింటన్ క్లార్క్ అనే కాలిఫోర్నియా వాసి ప్రతిపాదించాడు. 1935–38 సంవత్సరాల మధ్య యువకుల బృందాలు వంతులవారీగా నడిచి దారి జాడను పరిశీలించాయి. 1968లో అమెరికా ప్రభుత్వం జాతీయ కాలిబాటల చట్టాన్ని చేసి దీనికి గుర్తింపునిచ్చింది. 1993 నాటికి బాట పూర్తయింది. ఇందులో దక్షిణాన ఉన్న మొదటి 1,130 కిలోమీటర్లను నడకదారులు ‘ఎడారి భాగం’ అని పిలుస్తారు.

దక్షిణం నుంచి ఉత్తరానికి నడిచేవారిలో అత్యధికులు వసంతకాలంలో, ముఖ్యంగా ఏప్రిల్ నెలలో బయలుదేరుతారు. దీనికి కారణం ఎడారి ఒక్కటే కాదు. ఎడారి దాటిన తరువాత ఎదురయ్యే సియెర్రా నెవాడా పర్వతాలలో జూన్ వరకు మంచు గట్టిగా ఉంటుంది. అక్టోబరు నాటికి ఉత్తరాన వాషింగ్టన్ పర్వతాలలో మళ్లీ మంచు కురవడం మొదలవుతుంది. ముందుగా బయలుదేరితే సియెర్రా మంచు అడ్డుకుంటుంది. ఆలస్యంగా బయలుదేరితే ఎడారి ఎండ అడ్డుకుంటుంది, చివర మళ్లీ మంచు తరుముకొస్తుంది. ఈ రెండు గండాల నడుమ ఉన్న ఇరుకైన ద్వారమే వసంతం. అందరూ ఒకేసారి ఆ ద్వారం వద్దకు చేరితే దారికీ నీటివనరులకూ హాని కలుగుతుంది కాబట్టి, దూరయాత్రకు దక్షిణ సరిహద్దు నుంచి బయలుదేరేవారి సంఖ్యను అనుమతిపత్రాల ద్వారా రోజుకు 50 మందికి పరిమితం చేశారు.

బాట మొదలయ్యే చోటు కాంపో అనే చిన్న గ్రామానికి దక్షిణంగా, సరిహద్దు గోడకు చేరువలో ఉన్న గుట్ట మీద ఉంది. అక్కడ కొన్ని చెక్క స్తంభాలతో నిర్మించిన స్మారకం ఒకటి నిలిచి ఉంటుంది. ఆ ప్రదేశం ఎత్తు సముద్రమట్టానికి సుమారు 890 మీటర్లు. ఎడారి అనగానే ఇసుకతిన్నెలు, ఒంటెలు, ఖర్జూర వృక్షాలు మన కనుల ముందు మెదులుతాయి. ఇక్కడ అవేవీ కనిపించవు. గుండ్రని బండరాళ్లు, వాటి మధ్య గుబురు పొదలు, అక్కడక్కడ ఎండిన వాగులు, వాటి గట్లపై ఓక్ చెట్లు మాత్రమే కనిపిస్తాయి. ఆ పొదల ఆకులు చిన్నవిగా, దళసరిగా ఉంటాయి. ఆకు వైశాల్యం తగ్గితే దాని నుంచి ఆవిరయ్యే నీరూ తగ్గుతుంది. నీటిని పొదుపుగా వాడుకోవాలన్న మొదటి పాఠాన్ని ఈ విధంగా దారి పక్కన ఉన్న పొదలే చెబుతున్నాయి.

రెండవ పాఠం వీపు మీది మూట చెబుతుంది. గుడారం, పడక, ఉన్నిబట్టలు, వంటపొయ్యి, మందులు, కొద్దిరోజుల ఆహారం వీపుసంచిలో తప్పనిసరిగా ఉండాలి. కొత్తగా నడకకు వచ్చినవారు వీటికి తోడు ‘పనికి వస్తాయేమో’ అని ఎన్నో వస్తువులు చేరుస్తారు. మనసులోని ప్రతి భయమూ ఒక వస్తువుగా మారి సంచిలోకి చేరుతుంది. చలికి భయపడినవారు అదనపు దుస్తులు, ఆకలికి భయపడినవారు అదనపు ఆహారం మోస్తారు. 1992లో రే జార్డిన్ అనే అమెరికన్ యాత్రికుడు ఈ బాటపై వెలువరించిన చేతిపుస్తకంలో మోత తగ్గించుకోవాలని గట్టిగా బోధించిన తరువాత ఈ పద్ధతిలో చాలా మార్పు వచ్చింది. ఆహారం, నీరు మినహా మిగిలిన సామగ్రి నాలుగున్నర కిలోలకు మించకుండా చూసుకునేవారు నేడు కనిపిస్తారు. ఎందుకంటే ఎడారిలో తగ్గించుకోవడానికి వీలులేని బరువు ఒకటి ఉంది. అది నీరు. ఒక లీటరు నీరు ఒక కిలో తూగుతుంది. దానిని ఎండబెట్టి తేలిక చేయలేము; మరొక దానితో భర్తీ చేయలేము. దారిబత్తేన్ని సంస్కృతంలో ‘పాథేయం’ అంటారు. మరుభూమిలో నడిచేవారికి నీరే ప్రథమ పాథేయం.

మొదటి రోజు దారి కాంపో నుంచి మొరేనా సరస్సు వరకు 32 కిలోమీటర్లు. నక్షాలో చూసినప్పుడు ఇది అంత కష్టమైనదిగా తోచదు. కాని ఈ దూరంలో నమ్మదగిన నీటివనరు దాదాపు లేదు. 25వ కిలోమీటరు వద్ద హాసర్ అనే లోయలోకి దారి దిగుతుంది. అక్కడి వాగు వానలు బాగా కురిసిన ఏడాది వసంతంలో కొన్నాళ్లు పారుతుంది; తరువాత ఎండిపోతుంది. లోయ నుంచి మళ్లీ 300 మీటర్లకు పైగా ఎక్కాలి. ఉదయం ఉత్సాహంగా నడక ప్రారంభించినవారు సరిగ్గా మధ్యాహ్నం వేళకు, వెంట తెచ్చుకున్న నీరు తరుగుతున్న వేళకు, నీడలేని ఈ ఎక్కుడు దారికి చేరుకుంటారు. దేహబలం గలవారు కూడా ఇక్కడ సొమ్మసిల్లడం, వారికి ఇతరుల సహాయం అవసరం కావడం కద్దు. అందుకే అనుభవజ్ఞులు ఈ దూరాన్ని రెండు రోజులుగా విభజించుకోమని, లోయలో రాత్రి గడిపి తెల్లవారుజామున చల్లని వేళ గట్టు ఎక్కమని సలహా ఇస్తారు. కొండ అదే, ఎత్తు అదే. ఎక్కే వేళను బట్టి అది సులభమో దుర్గమమో అవుతుంది.

ఎండలో నడిచేటప్పుడు శరీరంలో ఏమి జరుగుతుందో తెలిస్తే ఈ సలహాలోని విలువ బోధపడుతుంది. కండరాలు పనిచేసేకొద్దీ వేడి పుడుతుంది. ఆ వేడిని బయటికి పంపడానికి శరీరం చెమటను స్రవిస్తుంది. చెమట ఆవిరవుతూ చర్మం నుంచి వేడిని గ్రహిస్తుంది. తీవ్రమైన ఎండలో బరువుతో నడిచే వ్యక్తి గంటకు ఒక లీటరు వరకు చెమట రూపంలో కోల్పోవచ్చు. మన సముద్రతీర ప్రాంతాలలో గాలిలో తేమ ఎక్కువ కనుక చెమట ఒంటిమీద నిలిచి బట్టలను తడుపుతుంది. నీరు పోతున్నదని మనకు తెలుస్తుంది. ఎడారి గాలిలో తేమ తక్కువ. చెమట పుట్టిన వెంటనే ఆవిరైపోతుంది. ఒళ్లు పొడిగానే ఉంటుంది; చొక్కాపై ఉప్పు చారలు మాత్రం మిగులుతాయి. చెమటే పట్టడం లేదని భ్రమించినవారు నీరు త్రాగడంలో అశ్రద్ధ చేస్తారు. క్రమంగా తలనొప్పి, వికారం, మూత్రం ముదురురంగుకు మారడం వంటి సూచనలు కనిపిస్తాయి. అప్పటికైనా నీడకు చేరి, నీరు త్రాగి, శరీరాన్ని చల్లబరచుకోవాలి. నిర్లక్ష్యం చేస్తే దేహోష్ణత 40 డిగ్రీల సెల్సియస్ దాటి, మాట తడబడి, తెలివి తప్పే స్థితి కలుగుతుంది. అదే వడదెబ్బ. అది ప్రాణాంతకం కావచ్చు.

నీరు ఒక్కటే త్రాగితే సరిపోతుందా అంటే, అదీ చాలదు. చెమటతో పాటు ఉప్పు కూడా పోతుంది. ఉప్పు తీసుకోకుండా అవసరానికి మించి నీరే త్రాగుతూ పోతే రక్తంలో సోడియం పలచబడి మరొక ప్రమాదం వస్తుంది. దాని లక్షణాలు కూడా తలనొప్పి, వికారం, తికమక. ఒకటి లోపం వల్ల, మరొకటి అతి వల్ల కలిగే ఈ రెండు ఆపదలూ పైకి ఒకే విధంగా కనిపించడం గమనింపదగిన విషయం. అందువల్ల నీటితో పాటు ఉప్పు కలిగిన ఆహారాన్ని కొద్దికొద్దిగా తీసుకోవడం శ్రేయస్కరం.

శరీరం ఎండకు అలవాటు పడటానికి సుమారు ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆ కాలంలో చెమట త్వరగా పట్టడం, అందులో ఉప్పు తగ్గడం, రక్తంలోని ద్రవభాగం పెరగడం వంటి మార్పులు జరుగుతాయి. ఈ మార్పులకు తొందర అన్నది లేదు. పట్టుదల ఎంత ఉన్నా రెండు వారాల పనిని శరీరం రెండు రోజులలో చేయలేదు. పాదాల సంగతీ అంతే. వేడి, తడి, రాపిడి ఒకచోట చేరితే బొబ్బలు లేస్తాయి. నడకలో పాదాలు ఉబ్బుతాయి కాబట్టి బూట్లు కొంత వదులుగా ఉండాలి. చర్మం చురుక్కుమన్న క్షణంలోనే ఆగి, బూటు విప్పి, ఇసుక దులిపి, ఆ చోట పట్టీ వేయాలి. తోటివారు ముందుకు సాగిపోతున్నారని ఆగకుండా నడిచినవారు ఐదు నిమిషాలు మిగుల్చుకొని ఐదు రోజులు పోగొట్టుకుంటారు. నిదానమే ప్రధానం అన్న పెద్దల మాట ఈ దారిలో అక్షరాలా సత్యం.

మొరేనా సరస్సు దాటిన తరువాత దారి క్రమంగా ఎత్తుకు చేరుతుంది. 67వ కిలోమీటరు వద్ద ఉన్న మౌంట్ లగూనా గ్రామం సుమారు 1,800 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ పొదలు పోయి పైన్ వృక్షాలు కనిపిస్తాయి. ఏప్రిల్‌లో కూడా ఒక్కొక్కసారి మంచు కురుస్తుంది. రెండు రోజుల క్రితం ఎండకు అల్లాడినవారు ఇక్కడ చలికి వణుకుతారు. ఆ పర్వతం తూర్పు అంచున నిలబడి చూస్తే వేయి మీటర్లకు పైగా దిగువన ఆన్జా–బొరేగో ఎడారి బూడిదరంగులో పరచుకొని ఉంటుంది. ఒకే పర్వతానికి ఇటు అడవి, అటు ఎడారి ఉండటానికి కారణం ఉంది. పసిఫిక్ మహాసముద్రం నుంచి వచ్చే తేమగాలులు పర్వతం పడమటి వాలును తాకి పైకి లేచి, చల్లబడి, అక్కడే వర్షిస్తాయి. శిఖరం దాటి తూర్పువైపు దిగే గాలిలో తేమ మిగలదు. పైగా దిగేకొద్దీ అది వేడెక్కుతుంది. పర్వతం వెనుక వాన పడని ఈ ప్రాంతాన్ని ‘వర్షచ్ఛాయా ప్రాంతం’ అంటారు. చెట్టు నీడ చల్లదనాన్నిస్తే, పర్వతపు ఈ నీడ ఎడారిని సృష్టిస్తుంది.

ఇక అసలైన పరీక్ష 124వ కిలోమీటరు వద్ద ఎదురవుతుంది. రెండు రహదారులు కత్తెర ఆకారంలో కలుసుకునే ఆ చోటిని ‘సిజర్స్ క్రాసింగ్’ అంటారు. దాని ఎత్తు 700 మీటర్ల లోపే. అక్కడి నుంచి శాన్ ఫెలిపే కొండల మీదుగా బ్యారెల్ స్ప్రింగ్స్ అనే నీటిబుగ్గ వరకు సుమారు 38 కిలోమీటర్ల దూరంలో సహజమైన నమ్మకమైన నీటివనరు లేదు. ఎనిమిది కిలోమీటర్లకు ఒక లీటరు అనేది నడకదారులలో వాడుకలో ఉన్న స్థూలమైన లెక్క. ఆ ప్రకారం నడకకే ఐదు లీటర్లు కావాలి. దారిమధ్యంలో ఒక రాత్రి గడపాలి కనుక వంటకు మరొక లీటరు కావాలి. ఎండ మిక్కుటంగా ఉంటే ఇంకా ఒకటి రెండు లీటర్లు కలపాలి. ఏడెనిమిది కిలోల నీటిని వీపున మోస్తూ కొండ ఎక్కవలసి వచ్చినప్పుడు, సంచిలోని ప్రతి అనవసరమైన వస్తువు విలువ యాత్రికులకు తెలిసివస్తుంది.

ఈ దారి మధ్యలో ఒకచోట స్థానికులైన స్వచ్ఛంద సేవకులు ఎంతో శ్రమకోర్చి నీటిసీసాలను చేర్చి ఉంచుతూ వచ్చారు. బాటసారులకు ఉచితంగా సాయపడే ఇటువంటి వారిని ‘ట్రెయిల్ ఏంజెల్స్’, అనగా దారిలోని దేవదూతలు అని పిలుస్తారు. వారి ఔదార్యం కొనియాడదగినది. అయితే ఆ నీటిని నమ్ముకొని ఖాళీ సీసాలతో బయలుదేరడం అవివేకం. ముందు వెళ్లినవారు ఆ నీటిని పూర్తిగా వాడుకొని ఉండవచ్చు. తెచ్చేవారికి ఆ వారం వీలుపడక పోయి ఉండవచ్చు. ఉందో లేదో తెలియని నీటిని నమ్మి నడవడం ఎండమావిని నమ్మడంతో సమానం. అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. తన వద్ద సరిపడా నీరు ఉండి కూడా అక్కడి సీసాను తీసుకున్నవారు, వెనుక వచ్చే అపరిచితుని ప్రాణావసరాన్ని తీసుకున్నవారవుతారు. ఎడారిలో ఒక లీటరు నీరు వ్యక్తి నీతిని కూడా కొలుస్తుంది.

ఈ కొండలలో నడకదారులు సూర్యోదయానికి ముందే లేచి నడిచి, ఎండ ముదిరే వేళకు ఏ బండ నీడనో చేరి, మళ్లీ సాయంకాలం కదులుతారు. ఇది వారు కనిపెట్టిన పద్ధతి కాదు. ఎడారి జీవులు యుగాలుగా అనుసరిస్తున్న పద్ధతి. ఇక్కడి కంగారూ ఎలుక పగలంతా బొరియలో ఉండి రాత్రి మాత్రమే తిరుగుతుంది. అది నీరు త్రాగకుండానే, తిన్న గింజల నుంచి శరీరంలో తయారయ్యే తేమతో జీవించగలదు. ఒకొటియో అనే మొక్క వాన పడినప్పుడు చిగిర్చి, నేల ఎండగానే ఆకులు రాల్చి ముళ్లకర్రలా నిలుస్తుంది. మళ్లీ వాన పడితే కొద్దిరోజులలోనే పచ్చబడుతుంది. గిలక పాము తోక ఆడించి చప్పుడు చేస్తుంది. ఆగి, వెనుకకు జరిగి, దానికి దారి ఇచ్చినవారికి దాని వల్ల అపాయం అరుదు.

మనుషులలో కూడా ఈ ఎడారి ధర్మాన్ని ఎరిగినవారు ఉన్నారు. కాంపో, లగూనా ప్రాంతాలు కుమియాయ్ అనే ఆదివాసుల మాతృభూమి. వారు శీతకాలం ఎడారి లోయలలోనూ, వేసవి పర్వతాలపైనా గడుపుతూ రుతువులతో పాటు కదిలేవారు. ఓక్ గింజలను దంచడానికి వారు ఉపయోగించిన రోళ్లు నేటికీ ఆ కొండబండలలో గుంటలుగా కనిపిస్తాయి. వారి వారసులు ఇప్పటికీ ఆ ప్రాంతంలో నివసిస్తున్నారు. 1858–61 మధ్య ఇదే శాన్ ఫెలిపే లోయ గుండా నడిచిన బటర్‌ఫీల్డ్ తపాలాబండ్లు కూడా నీరున్న తావులనే మజిలీలుగా చేసుకున్నాయి.

బ్యారెల్ స్ప్రింగ్స్ వద్ద సీసాలు నింపుకొన్న యాత్రికులు పచ్చికబయళ్ల మీదుగా, రెక్కలు చాచిన గ్రద్దను పోలిన పెద్ద రాతిని దాటి 176వ కిలోమీటరు వద్ద వార్నర్ స్ప్రింగ్స్ గ్రామానికి చేరుకుంటారు. చాలామందికి ఇంతవరకు ఆరు నుంచి ఎనిమిది రోజులు పడుతుంది. అక్కడి తపాలా కార్యాలయానికి ముందుగా పంపుకొన్న ఆహారపు పెట్టెలను తీసుకుంటారు. అక్కరలేని వస్తువులను ఇంటికి తిప్పి పంపుతారు. ఆ గ్రామానికి పేరు తెచ్చిన వేడినీటి బుగ్గ ఒకప్పుడు కుపేన్యో ఆదివాసులది. 1901లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వారికి ప్రతికూలంగా రాగా, 1903 మే నెలలో వారిని అక్కడి నుంచి బలవంతంగా పాలా అనే చోటికి తరలించారు. తమ ఇష్టంతో నడిచేవారు ఆనందంగా విశ్రమించే ఆ చోటు, ఇష్టం లేకుండా కదలవలసి వచ్చినవారి దుఃఖాన్ని కూడా చూసిన నేల. ఆ నేలపై అడుగిడినవారికి ఈ రెండు సంగతులూ తెలియడం అవసరం.

మొత్తం బాటలో 176 కిలోమీటర్లు నూటికి నాలుగు వంతులు మాత్రమే. ముందు ఎడారి ఇంకా చాలా ఉంది, మంచుకొండలు ఉన్నాయి, వరద ఏరులు ఉన్నాయి. అయినా ఈ వారం రోజులలో యాత్రికులు నేర్చుకున్నది మిగిలిన దారి అంతటా ఉపయోగపడుతుంది. ఎంత నీరు కావాలో, ఎంత బరువు చాలునో, ఎప్పుడు నడవాలో, ఎప్పుడు ఆగాలో వారికి తెలుస్తుంది. దప్పిక అయినప్పుడు బావి తవ్వడం ఎంత నిరర్థకమో ఎడారి బోధించినంత స్పష్టంగా మరెవరూ బోధించలేరు. తన మేరను తాను ఎరిగి అడుగు వేయడమే ఆ బాటలో మొదటి మజిలీ.

కఠిన పదాలకు అర్థాలు

మజిలీ : ప్రయాణంలో ఆగే చోటు
మరుభూమి : ఎడారి
పాథేయం : దారిబత్తెం, ప్రయాణంలో తినడానికి తీసుకువెళ్లేది
దుర్గమం : చేరడానికి కష్టమైనది
కద్దు : కలదు, జరుగుతూ ఉంటుంది
దేహోష్ణత : శరీరపు వేడి
శ్రేయస్కరం : మేలు కలిగించేది
మిక్కుటం : ఎక్కువ
ఔదార్యం : దాతృత్వం, విశాల హృదయం
ఎండమావి : ఎండలో నీరున్నట్లు తోచే భ్రాంతి, మరీచిక
మేర : హద్దు, పరిమితి

ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఎడారి యాత్రలో తొలి రోజులే ఎక్కువ ప్రమాదకరమైనవని ఎలా చెప్పగలరు?
2. శాన్ ఫెలిపే కొండల దారిలో నీటికి గల ప్రాధాన్యాన్ని వివరించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 5 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. దక్షిణం నుంచి బయలుదేరేవారు వసంతకాలాన్నే ఎందుకు ఎంచుకుంటారు?
2. వర్షచ్ఛాయా ప్రాంతం ఎలా ఏర్పడుతుంది?
3. ఎడారి జీవుల నుంచి యాత్రికులు నేర్చుకోదగినది ఏమిటి?

III. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. మనసులోని ప్రతి భయమూ ఒక వస్తువుగా మారి సంచిలోకి చేరుతుంది.
2. ఎడారిలో ఒక లీటరు నీరు వ్యక్తి నీతిని కూడా కొలుస్తుంది.

IV. ఈ క్రింది పదాలను విడదీసి, సంధి పేరు రాయండి.
సూర్యోదయం, అత్యధికులు, ప్రాణావసరం, దేహోష్ణత